సబ్‌వూఫర్ ఈక్వలైజేషన్: 33 హెర్ట్జ్ వద్ద మిట్ట తగ్గలేదు, 66 వద్ద కొత్త పల్లం పడింది

మంద్రస్వరం (ప్రశ్న):

నమస్కారం. నా గది పొడవు 5.2 మీటర్లు, వెడల్పు 3.8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. తెర ఉన్న గోడ ఎడమ మూలలో 12 అంగుళాల పోర్టెడ్ (గాలి గొట్టం ఉన్న) సబ్‌వూఫర్ ఒక్కటే ఉంది. సోఫా వెనుక గోడను దాదాపు ఆనుకొని ఉంటుంది. నేను కూర్చునేది దాని నడుమ, అంటే గది వెడల్పుకు సరిగ్గా మధ్యలో. ముందు స్పీకర్లను రిసీవర్‌లో ‘స్మాల్’ అని పెట్టి క్రాసోవర్‌ను 80 హెర్ట్జ్ వద్ద ఉంచాను, అంటే దానికి దిగువ స్వరాలు సబ్‌వూఫర్‌కు, పైవి స్పీకర్లకు వెళ్తాయి.

సినిమాలో పేలుడైనా, పాటలో బేస్ గిటారైనా ఒకే స్వరం మోగుతున్నట్టు వినబడుతుండటంతో యూమిక్-1 అనే కొలత మైక్ తెచ్చుకున్నాను. దాని సీరియల్ నంబరుకు చెందిన కాలిబ్రేషన్ ఫైలును రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలత సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, తల ఉండే చోట మైక్‌ను నిలబెట్టి, 15 నుంచి 200 హెర్ట్జ్ వరకు స్వీప్ (పౌనఃపున్యం క్రమంగా పెరిగే పరీక్ష ధ్వని) తీశాను. గ్రాఫ్‌ను నునుపు చేసే స్మూతింగ్ ఏమీ పెట్టలేదు. చుట్టుపక్కల స్థాయితో పోలిస్తే 33 హెర్ట్జ్ వద్ద 13 డెసిబెళ్ల మిట్ట, 45 వద్ద 10 డెసిబెళ్ల పల్లం, 79 వద్ద 11 డెసిబెళ్ల పల్లం కనిపించాయి.

రిసీవర్‌కూ సబ్‌వూఫర్‌కూ నడుమ ఈ మధ్యనే మినీడీఎస్‌పీ టూ బై ఫోర్ హెచ్‌డీ అనే డిజిటల్ ఈక్వలైజర్ పెట్టెను పెట్టాను. సాఫ్ట్‌వేర్‌లోని ఈక్వలైజర్ల జాబితాలో మినీడీఎస్‌పీ టూ బై ఫోర్‌ను ఎంచుకొని, లక్ష్య రేఖకు (మనం కోరుకునే గ్రాఫ్ ఆకారానికి) సరిపోల్చే ఆదేశం ఇచ్చాను. అది 33 వద్ద 12 డెసిబెళ్లు తగ్గించే ఫిల్టరును, 45 వద్ద 9 డెసిబెళ్లు, 79 వద్ద 6 డెసిబెళ్లు పెంచే ఫిల్టర్లను తయారుచేసింది. అంచనా గ్రాఫ్ గీత గీసినట్టు చదునుగా వచ్చింది. ఆ ఫిల్టర్ల గుణకాలను పెట్టెలోకి ఎక్కించి మళ్లీ కొలిస్తే పాత మిట్ట, పాత పల్లాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పైగా 66 వద్ద ఇంతకుముందు లేని పల్లమూ, 90 వద్ద చిన్న మిట్టా వచ్చి చేరాయి. కొలత మూడుసార్లు తీసినా ఇదే ఫలితం. మైక్‌ను అనుమానించాలా, పెట్టెనా, లేక నా పద్ధతినా?

తరంగదైర్ఘ్యం (సమాధానం):

మీ మైక్ నిజమే చెబుతున్నదని గది కొలతలే సాక్ష్యమిస్తున్నాయి. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య మొదటి స్థిర తరంగం ఏర్పడే పౌనఃపున్యం కావాలంటే ఆ వేగాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించాలి. మీ గది పొడవుకు అది 33 హెర్ట్జ్, వెడల్పుకు 45, ఎత్తుకు 57. రెండు చివరలూ మూసిన గొట్టంలో గాలి ఎలా అనునదిస్తుందో గదిలోనూ అలాగే జరుగుతుంది: గోడల వద్ద పీడనం గరిష్ఠంగా మారుతూ ఉంటుంది, సరిగ్గా నడుమ ఏమాత్రం మారదు. మీ సోఫా వెనుక గోడ వద్ద ఉన్నది కాబట్టి 33 మీకు నిండుగా అందుతోంది. వెడల్పుకు మధ్యలో కూర్చున్నందువల్ల 45 హెర్ట్జ్ తరంగపు శూన్య స్థానంలో మీ తల ఉంది.

సోఫాను కొంచెం ముందుకు జరిపితే మోత తగ్గుతుందని చాలామంది సలహా ఇస్తారు. లెక్క వేసి చూస్తే, గోడ నుంచి 70 సెంటీమీటర్లు జరిపినా 33 వద్ద తగ్గేది దాదాపు 1 డెసిబెల్ మాత్రమే. 3 డెసిబెళ్లు తగ్గాలంటే 1.3 మీటర్లు జరపాలి. అయితే అక్కడ పొడవుకు చెందిన రెండవ తరంగం, అంటే 66 హెర్ట్జ్, శూన్యమవుతుంది. ఒక గుంత పూడ్చడానికి ఇంకొకటి తవ్వినట్టే. 33 వద్ద మిట్టను ఈక్వలైజర్‌తోనే తగ్గించండి. ఇంత తక్కువ పౌనఃపున్యాల వద్ద గది మిట్టలు చాలావరకు మినిమమ్ ఫేజ్ స్వభావం (స్థాయిని సరిచేస్తే కాలంలో తీరు కూడా సరిపడే గుణం) గలవి కాబట్టి, మిట్ట వెడల్పుకు సరిపోయే క్యూ విలువతో (ఫిల్టరు ఎంత సన్నగా ఉండాలో తెలిపే సంఖ్యతో) కోత పెడితే స్థాయితో పాటు ఆ స్వరం ఈడ్చుకుపోయే సమయమూ తగ్గుతుంది. ముందూ వెనుకా వాటర్‌ఫాల్ గ్రాఫులు (స్వరం కాలంతో ఎలా ఆరిపోతుందో చూపేవి) తీసి పోల్చితే ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

45 వద్ద పల్లాన్ని మాత్రం ఈక్వలైజర్‌తో పూడ్చలేరు. మీరు ఎంత పెంచినా గది అంతా మింగేస్తుంది. ఆ ఫిల్టరును తీసివేయండి.

కొలతబద్ద (సమాధానం):

66 వద్ద పల్లానికీ, 90 వద్ద మిట్టకూ కారణం మీ ప్రశ్నలోనే ఉంది. మీ దగ్గర ఉన్నది హెచ్‌డీ నమూనా, జాబితాలో మీరు ఎంచుకున్నది పాత నమూనా. పాత టూ బై ఫోర్ లోపల 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ రేటుతో (సంకేతాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ రేటుతో) పనిచేస్తుంది, హెచ్‌డీ 96 కిలోహెర్ట్జ్‌తో. బైక్వాడ్ గుణకాలలో (ఫిల్టరును నిర్వచించే సంఖ్యలలో) పౌనఃపున్యం హెర్ట్జ్‌లలో రాసి ఉండదు, శాంప్లింగ్ రేటులో ఎన్నో వంతు అన్న రూపంలోనే ఇమిడి ఉంటుంది. 48కి లెక్కగట్టిన గుణకాలను 96తో నడిపితే ప్రతి ఫిల్టరూ రెట్టింపు పౌనఃపున్యం వద్దకు వెళ్లిపోతుంది. 33 వద్ద పెట్టిన కోత 66 వద్ద పడింది, 45 వద్ద పెట్టిన పెంపు 90 వద్ద తేలింది. 79 వద్ద పెంపు 158కి చేరింది కానీ, రిసీవర్ క్రాసోవర్ అక్కడికి సబ్‌వూఫర్‌ను బాగా తగ్గించేస్తుంది కాబట్టి మీరు గమనించి ఉండరు. సరైన నమూనాను ఎంచుకొని గుణకాలను మళ్లీ తయారుచేస్తే ఇది తీరిపోతుంది. నేనూ ఒకసారి ఈ పొరపాటే చేసి రెండు రాత్రులు కేబుళ్లు మార్చుకుంటూ గడిపాను.

ఇక తరంగదైర్ఘ్యం గారి చివరి మాటకు చిన్న సవరణ. గదిలో సబ్‌వూఫర్ ఒక్కటే మోగుతున్నప్పుడు, దాని సంకేతాన్ని 9 డెసిబెళ్లు పెంచితే పల్లంలో కూడా సరిగ్గా 9 డెసిబెళ్లు పెరుగుతుంది. గది ఏమీ మింగదు. అయినా పెంచవద్దన్న సలహా సరైనదే, కారణం మాత్రం వేరు. 9 డెసిబెళ్లంటే యాంప్లిఫైయర్ నుంచి దాదాపు 8 రెట్ల శక్తి కావాలి. ఆ పెంపు శూన్య స్థానంలో కూర్చున్న మీకు ఒక్కరికే కాదు, గోడల పక్కన కూర్చున్నవారికీ అంతే అందుతుంది. వారి వద్ద 45 హెర్ట్జ్ ఇప్పటికే నిండుగా ఉంటుంది. శూన్య స్థానం సన్నటిది కూడా, తల కాస్త పక్కకు వాలితే మీకు కూడా అది మోతే అవుతుంది.

79 వద్ద పల్లం వేరే జాతిదని నా అనుమానం, ఎందుకంటే అది క్రాసోవర్ పక్కనే ఉంది. సబ్‌వూఫర్ ఒక్కదాన్నీ, ఎడమ స్పీకర్ ఒక్కదాన్నీ, తరువాత రెండింటినీ కలిపి మూడు కొలతలు తీయండి. విడివిడిగా తీసినప్పుడు పల్లం లేకుండా, కలిపినప్పుడే కనిపిస్తే అది గది దోషం కాదు. రెండు ధ్వనులు ఎదురు ఫేజ్‌లో (ఒకటి లేచేటప్పుడు రెండవది దిగేలా) చేరి ఒకదానినొకటి చెరుపుకుంటున్నాయన్నమాట. కొలిచేటప్పుడు అకౌస్టిక్ టైమింగ్ రిఫరెన్స్ పెట్టడం మరువవద్దు. యూఎస్‌బీ మైక్‌కూ, ధ్వని బయటికి పంపే పరికరానికీ వేర్వేరు గడియారాలు ఉంటాయి కాబట్టి, స్వీప్‌కు ముందు ఒకే స్పీకర్ నుంచి వచ్చే ఆ చిన్న శబ్దం లేకపోతే ఒక కొలత సమయాన్ని మరొక దానితో పోల్చలేము. ఇంకొక ప్రశ్న: రిసీవర్‌లో ఆటో సెటప్ (స్పీకర్లను అదే కొలిచి సర్దుకునే పద్ధతి) నడిపింది ఈ పెట్టె పెట్టకముందా, పెట్టిన తరువాతా?

మంద్రస్వరం:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నమూనా పేరు విషయంలో పొరపాటు నాదే. హెచ్‌డీని ఎంచుకొని, పెంపు పరిమితిని సున్నాకు కుదించి, ఫిల్టర్లను మళ్లీ తయారుచేశాను. 33 వద్ద మిట్ట ఇప్పుడు 2 డెసిబెళ్లకు మించడం లేదు. వాటర్‌ఫాల్‌లో ఆ చోట 600 మిల్లీసెకన్లు దాటి సాగిన తోక 300 లోపే నేలకు దిగుతోంది. పాటలో బేస్ గిటార్ ఏ స్వరం వాయిస్తున్నదో మొదటిసారి విడిగా వినబడింది.

కుతూహలం ఆగక 45 వద్ద 9 డెసిబెళ్ల పెంపును ఒకసారి ప్రయోగించి చూశాను. తక్కువ ధ్వనిలో కొలిస్తే నా కుర్చీ వద్ద కొలతబద్ద గారు చెప్పినట్టు సరిగ్గా 9 పెరిగింది. సోఫా కుడి చివర మైక్ పెడితే ఇదివరకు 2 డెసిబెళ్లు ఎక్కువగా ఉన్నది 11 అయ్యింది. సినిమా చూసే స్థాయికి ధ్వని పెంచగానే సబ్‌వూఫర్ మీది లిమిట్ లైటు వెలిగింది. వెంటనే ఆ ఫిల్టరును తీసేశాను.

ఆటో సెటప్ నడిపింది పెట్టె రాకముందే. అప్పుడు రిసీవర్ సబ్‌వూఫర్ దూరాన్ని 4.8 మీటర్లుగా గుర్తించింది, టేపుతో కొలిచినా దాదాపు అంతే వచ్చింది కాబట్టి మళ్లీ దాని జోలికి పోలేదు. మీరు చెప్పిన మూడు కొలతల్లో సబ్‌వూఫర్ విడిగానూ, స్పీకర్ విడిగానూ 79 వద్ద నిబ్బరంగా ఉన్నాయి, కలిపితేనే పల్లం. ఇప్పుడు సబ్‌వూఫర్ వెనుక ఉన్న ఫేజ్ మీటను తిప్పాలా, రిసీవర్‌లో దూరం మార్చాలా?

కొలతబద్ద:

దూరం మార్చండి. రిసీవర్ దూరం అడిగేది నిజానికి సమయం కోసం. 34 సెంటీమీటర్లకు 1 మిల్లీసెకను. డీఎస్‌పీ పెట్టె సంకేతాన్ని అంకెలుగా మార్చి, లెక్కగట్టి, మళ్లీ బయటికి పంపడానికి కొంత సమయం తీసుకుంటుంది. పెట్టె రావడంతో సబ్‌వూఫర్ ఆ మేరకు వెనుకకు జరిగినట్టే, టేపుకు మాత్రం అది కనబడదు. దీనికి తోడు సబ్‌వూఫర్ లోపలి ఫిల్టర్ల ఆలస్యమూ, స్పీకర్ల సొంత ఫేజ్ మార్పూ కలుస్తాయి. 80 హెర్ట్జ్ వద్ద ఒక ఆవర్తనం 12.5 మిల్లీసెకన్లు, అందులో సగం తేడా వస్తే పూర్తి వ్యతిరేకం. అంటే 2 మీటర్లకు కాస్త పైన తేడా చాలు. రిసీవర్‌లో సబ్‌వూఫర్ దూరాన్ని పెంచితే అది మిగతా స్పీకర్లను ఆపి ఉంచుతుంది, సబ్‌వూఫర్ వాటిని అందుకుంటుంది.

ఎంత పెంచాలో తెలుసుకోవడానికి తిరుగుదారి పట్టడం సులభం. రెండు ధ్వనులు బాగా కలిసే శిఖరం మొద్దుగా ఉంటుంది కాబట్టి అది ఎక్కడ ఉన్నదో గ్రాఫ్‌లో తేల్చుకోవడం కష్టం. పల్లం మాత్రం సూదిలా ఉంటుంది. అందువల్ల పెట్టెలో సబ్‌వూఫర్ పోలారిటీని (సంకేతపు ప్లస్, మైనస్‌లను) తలకిందులు చేసి, దూరాన్ని 30 సెంటీమీటర్ల చొప్పున పెంచుతూ, క్రాసోవర్ వద్ద అతి లోతైన పల్లం వచ్చే విలువను పట్టుకోండి. తరువాత పోలారిటీని యథాస్థితికి తెచ్చి, 60 నుంచి 110 వరకు మొత్తం నిండుగా ఉన్నదో లేదో చూడండి. 80 దగ్గర మాత్రమే నిండి పక్కన పల్లం పడితే మీరు ఒక పూర్తి ఆవర్తనం దాటి ముందుకు పోయారని అర్థం. మధ్య స్పీకర్‌తోనూ, కుడి స్పీకర్‌తోనూ ఇదే విధంగా సరిచూడాలి. మూడింటికీ ఒకే విలువ కుదరకపోతే సినిమాలే ఎక్కువ చూసేవారు మధ్య స్పీకర్‌కు ప్రాధాన్యం ఇవ్వడం న్యాయం.

నాలుగుమూలలు (సమాధానం):

45 వద్ద పల్లం గురించి ఒక మాట. దీనికి సరైన మందు రెండవ సబ్‌వూఫర్. మొదటి వెడల్పు తరంగంలో ఎడమ గోడ వద్ద పీడనం పెరుగుతున్నప్పుడు కుడి గోడ వద్ద తగ్గుతూ ఉంటుంది. ఒకే రకమైన రెండు సబ్‌వూఫర్లను ఎడమ, కుడి గోడల వద్ద ఎదురెదురుగా పెట్టి ఒకే ఫేజ్‌లో, ఒకే స్థాయిలో నడిపితే ఒకటి లేపే తరంగాన్ని రెండవది అణచివేస్తుంది. నడుమ కుర్చీకీ, చివరి కుర్చీకీ 45 వద్ద ఉన్న తేడా అంతా ఆ తరంగం వల్లనే కాబట్టి, అది లేనప్పుడు సోఫా మీద ఎక్కడ కూర్చున్నా గ్రాఫ్ దాదాపు ఒకేలా వస్తుంది. అప్పుడు పెట్టే ఈక్వలైజేషన్ అందరికీ పనికివస్తుంది. హార్మన్ సంస్థకు చెందిన టాడ్ వెల్టీ 2002లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సమావేశంలో సమర్పించిన పత్రం దీర్ఘచతురస్రాకార గదుల్లో ఎన్ని సబ్‌వూఫర్లు, ఎక్కడ పెట్టాలన్న విషయాన్నే పరిశీలించింది. నాలుగు గోడల మధ్య బిందువుల్లో నాలుగు, లేదా ఎదురెదురు గోడల మధ్యలో రెండు అన్న అమరికలు ప్రచారంలోకి రావడంలో ఆ పని పాత్ర పెద్దది.

రెండవది వచ్చాక ఒక్కొక్కదాన్ని విడివిడిగా చదును చేసి ఆ తరువాత కలపవద్దు. ముందు రెండింటి మధ్య స్థాయి, ఆలస్యం సరిచేసి, కలిసి వచ్చిన ప్రతిస్పందనకే ఫిల్టర్లు పెట్టండి. మల్టీ సబ్ ఆప్టిమైజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రతి కుర్చీ వద్ద ప్రతి సబ్‌వూఫర్ కొలతనూ తీసుకొని ఈ పనిని లెక్కగట్టి పెడుతుంది. అక్కడ కూడా టైమింగ్ రిఫరెన్స్ లేని కొలతలు పనికిరావు.

మంద్రస్వరం:

దూరాన్ని 4.8 నుంచి పెంచుతూ పోతే 6.6 మీటర్ల వద్ద, పోలారిటీ తలకిందులుగా ఉన్నప్పుడు, 80 హెర్ట్జ్ వద్ద లోతైన పల్లం వచ్చింది. పోలారిటీని సరిచేశాక 79 వద్ద ఉన్న పల్లం పూర్తిగా పోయింది, ఒక్క ఫిల్టరు కూడా అవసరం రాలేదు. మధ్య స్పీకర్‌తో కూడా ఇదే విలువ కుదిరింది. కుడి స్పీకర్‌తో మాత్రం 90 దగ్గర 3 డెసిబెళ్ల లోటు మిగిలింది, దానితో సర్దుకుంటాను. రెండవ సబ్‌వూఫర్‌కు చోటు చూడాలి, కుడి గోడ పక్కన తలుపు అడ్డం వస్తోంది. ఇప్పుడు రిసీవర్ ఆటో సెటప్‌ను మళ్లీ నడపవచ్చునా, లేక చేసిన పనంతా చెడిపోతుందా?

కొలతబద్ద:

నడపవచ్చు. పెట్టెనూ సబ్‌వూఫర్‌నూ రిసీవర్ ఒకే పరికరంగా చూస్తుంది కాబట్టి మీ ఫిల్టర్ల జోలికి రాదు, మిగిలిన మిట్టపల్లాల మీదనే పనిచేస్తుంది. అయితే నడిపిన తరువాత మూడు అమరికలను చూసుకోండి. స్పీకర్లను ‘లార్జ్’ చేసి ఉంటే తిరిగి ‘స్మాల్’ చేయండి. క్రాసోవర్‌ను 80కి తెండి. సబ్‌వూఫర్ దూరానికి అది ఏ విలువ పెట్టినా, పోలారిటీ పరీక్షను మళ్లీ చేసి 6.6 దగ్గరే కుదురుతుందో లేదో తేల్చుకోండి. సబ్‌వూఫర్ వెనుక ఉన్న లోపాస్ మీటను (పై పౌనఃపున్యాలను కోసే ఫిల్టరు మీటను) గరిష్ఠానికి తిప్పి ఉంచారనే అనుకుంటున్నాను. అది 80 వద్ద ఉంటే క్రాసోవర్ రెండుసార్లు పడుతుంది, ఈ ఆలస్యం లెక్క కూడా మారుతుంది.

చదునైన గ్రాఫ్ చాలామందికి పలచగా వినబడుతుంది. మీకూ అలాగే అనిపిస్తే 100 నుంచి 30 హెర్ట్జ్ వైపు 4 నుంచి 6 డెసిబెళ్లు మెల్లగా ఎక్కే లక్ష్య రేఖను పెట్టుకొని ఫిల్టర్లను మళ్లీ తయారుచేయండి. పోర్టు ట్యూన్ అయిన పౌనఃపున్యానికి దిగువన మాత్రం ఏమీ పెంచకండి. అక్కడ పోర్టు కోన్‌కు అడ్డుకట్ట వేయదు, కోన్ హద్దు దాటి ఊగుతుంది.