టైమ్ వార్ ఆడియో డ్రామాలు ఏడికెల్లి షురూ జెయ్యాలె?

నల్లగొండ_శ్రోత:
2005 నుంచి వచ్చిన డాక్టర్ హూ, గా బ్రిటన్ టీవీ సీరియల్, మొత్తం చూసిన. అండ్ల ఊకె టైమ్ వార్, టైమ్ వార్ అంటరు. గాలిఫ్రే గ్రహం మీది టైమ్ లార్డ్‌లకు (డాక్టర్ గూడ ఆ జాతోడే), ఇనుప డొక్కులల్ల ఉండే డాలెక్‌లకు కాలం పొడుగూతా నడిచిన యుద్ధమాయె. 2013ల యాభై ఏండ్ల స్పెషల్‌ల ఆఖరి రోజు జరంత చూపిచ్చి వదిలేసిండ్రు. మిగిలిన యుద్ధం బిగ్ ఫినిష్ అనే కంపెనీ తీసిన ఆడియోలల్ల ఉన్నదంటే పోయి చూసిన. డాక్టర్ వేషం ఏసిన జాన్ హర్ట్‌ది ఒకటి, ఆయనకన్న ముందటి డాక్టర్ పాల్ మెక్‌గాన్‌ది ఒకటి, డాక్టర్ పగోడు మాస్టర్‌ది ఇంకోటి, గాలిఫ్రేది మల్లొకటి! కథ లెక్కన మెక్‌గాన్ ముందు, విడుదల లెక్కన హర్ట్ ముందు. ఏది పట్టుకోవాలె? నేను వినేది దిల్‌సుఖ్‌నగర్ బస్సుల. నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కినంక ఆ హారన్ల మోతల డాలెక్ ఏమంటుందో సమజైతదా?

మిర్యాలగూడ_రేడియో:
తమ్మీ, విడుదలైన వరుసల్నే విను. హర్ట్‌వి నాలుగు సెట్లు, సెట్‌కు మూడు కథలు. మొదటిది 2015 డిసెంబర్‌ల వచ్చింది. ఆయన 2017 జనవరిల పోయిండు, ఆఖరి సెట్ ఫిబ్రవరిల వచ్చింది. ఆయన ఏసిన పాత్ర ‘డాక్టర్’ అన్న పేరే వద్దనుకున్న మనిషి. ఆ అలసట గొంతులనే తెలుస్తది, మొఖం చూసే పని లేదు. మొదటి సెట్ రాసింది, డైరెక్ట్ చేసింది నికోలస్ బ్రిగ్స్, డాలెక్ గొంతు గూడ ఆయనదే. మాటను రింగ్ మాడ్యులేటర్‌ల, అంటే గొంతును మార్చే మిషిన్‌ల, ఏసి ఆ గరగర తెప్పిస్తరు. ఇయర్‌ఫోన్లు చెవుల గట్టిగ కూసోవాలె, లేకుంటే సగం మాటలు పోతయి. ఒకటి జెప్త, తుపాకుల మోత మీద నడిచే సీన్లు నాకు ఎక్కలే. ఎవరు సచ్చిండో తెల్వదు. ఇద్దరు ఒక అర్రల కూసోని మాట్లాడితేనే యుద్ధం కనవడ్తది.

కొల్లాపూర్_అక్క:
నేనొప్ప. మెక్‌గాన్‌ది, 2017 నవంబర్‌ల వచ్చిన సెట్ తీసుకో. అండ్ల మొదటి కథ ‘ద స్టార్‌షిప్ ఆఫ్ థీసియస్’. డాక్టర్ వెంట ఒక పిల్ల ఉంటది. ఆమె పేరు మీద చెవి పెట్టు, అంతకన్న ఎక్కువ జెప్పను. టీవీల అయితే మొఖం మారంగనే దొరికిపోతది, ఆడియోల మనం గూడ డాక్టర్ లెక్కనే మోసపోతం. మా అమ్మమ్మోళ్ల ఊరు శ్రీశైలం డ్యాం నీళ్లల్ల మునిగింది. అయినా ఇప్పటికీ మా ఇంట్ల పెండ్లి పత్రిక రాస్తే ఆ ఊరి పేరే ఏస్తరు. ఈ యుద్ధంల జరిగిపోయిన కాలాన్నే మారుస్తరు గద, ఊరు పోతే పేరు గూడ పోతది, పోయిందని ఏడ్చెటోడు గూడ ఉండడు. డాలెక్‌లకన్న నాకు భయమైంది గదే. హర్ట్ సెట్లల్ల ఆ భయం తక్కువ.

దేవరకొండ_పంతులు:
మీ ఇద్దరూ మాస్టర్‌ని వదిలేశారేమిటండీ! డెరెక్ జాకోబి 2007లో టీవీలో ఆ పాత్రగా కనిపించింది ఒక్క ఎపిసోడ్‌లో, అదీ ఆఖరి కొద్ది నిమిషాలే. 2017 డిసెంబర్‌లో ఆయనకు పూర్తి సెట్ ఇచ్చారు. మర్యాదగా, తాతయ్యలా మాట్లాడుతూనే మనుషుల్ని ముంచేస్తాడు. ఇంగ్లీషు కూడా నిదానంగా ఉంటుంది, కొత్తవాళ్లకు అదే తేలిక. మిగతావి అర్థం కాకపోతే ప్లేయర్‌లో వేగం కాస్త తగ్గించుకోండి, డాలెక్‌లు ఇంకా భయంకరంగా ఉంటాయి.

నల్లగొండ_శ్రోత:
అక్కా, థీసియస్ దించుకుంటున్న. పంతులు సార్, మాస్టర్‌ది గూడ లిస్టుల ఏసిన. రేడియో అన్నా, నీ హర్ట్‌ది జీతం వడ్డంక. ఒక్క కథకు గంట దాక ఉన్నదంట, చౌటుప్పల్ దాటినంక ఒడుస్తది.