అమ్మ సమాధి పాలరాయి మీద కొవ్వొత్తి మరక పోవడం లేదు

మాది గుంటూరు. నవంబర్ 1న సకల పునీతుల పండుగ, మర్నాడు సమాధుల పండుగ. 2వ తేదీ సాయంత్రం ఫాదర్ గారు ప్రార్థన చేసి ఒక్కో సమాధి మీద పవిత్ర జలం చల్లుతూ వస్తారు, ఆలోపు అమ్మ సమాధి శుభ్రంగా ఉండాలని నా ఆరాటం.

పోయిన ఏడాది పది ఎర్ర కొవ్వొత్తులు నేరుగా రాయి మీదే అంటించాం, అదే తప్పయింది. తెల్ల పాలరాయి, పాలిష్ చేసినదే. సిలువ కింద జానెడు మేర గులాబీ రంగు మరక పడింది. ప్లాస్టిక్ రేకుతో గీకితే మైనం మొత్తం వచ్చేసింది కానీ రంగు రాయిలోకి ఇంకిపోయింది. వేడినీళ్లు పోసి తుడిస్తే ఇంకా పాకింది. సర్ఫ్ ముద్ద రాత్రంతా ఉంచాను, కొంచెం కూడా తగ్గలేదు. చివరికి నిమ్మకాయ రుద్దాను, అక్కడ మెరుపు పోయి గరుకుగా అయింది, పులుపు పాలరాయిని తినేస్తుందని తర్వాత తెలిసింది. అందుకే యాసిడ్ జోలికి పోవట్లేదు. మళ్లీ పాలిష్ పట్టించమని ఒకరన్నారు, కానీ మెషిన్ పెట్టడానికి సమాధుల తోటలో కరెంటు లేదు.

ఈసారి కొవ్వొత్తులు మట్టి ప్రమిదల్లో పెడతాం, అది సరే. రాయి ఇంకా పాడవకుండా, లోపలికి ఇంకిన ఆ ఎర్ర రంగుని చేత్తోనే లాగేయడానికి ఏం రాయాలి, ఎంతసేపు ఉంచాలి?