ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) మార్చకుండా పాత డెల్ టవర్‌కు ఏ గ్రాఫిక్స్ కార్డు సరిపోతుంది?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తన కూచిపూడి ప్రదర్శనల వీడియోలను డావిన్చి రిజాల్వ్‌లో ఎడిట్ చేసుకుంటుంది. ఇంట్లో ఉన్నది ఐ5-8500 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ గల డెల్ టవర్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఎస్‌ఎమ్‌పీఎస్ మీద 260 వాట్లని రాసి ఉంది, కార్డుకు పెట్టే పవర్ కేబుల్ లోపల ఎక్కడా లేదు. ఎస్.పి. రోడ్డులో ఒక దుకాణంవారు 8 పిన్నుల కార్డు చూపించి, సాటా కేబుల్‌కు (హార్డ్ డిస్కుకు కరెంటు ఇచ్చే తీగకు) కన్వర్టర్ తగిలిస్తే చాలన్నారు. అలా చేయవచ్చా? మా మానిటర్‌కు వీజీఏ (పాత రకం కనెక్టర్) ఒక్కటే ఉంది.

జవాబు 1

దయచేసి ఆ కన్వర్టర్ జోలికి వెళ్ళకండి. 8 పిన్నుల కనెక్టర్ ద్వారా కార్డు 150 వాట్ల వరకు తీసుకోగలదు; సాటా పవర్ కనెక్టర్ 12 వోల్టుల మీద ఇవ్వగలిగేది 54 వాట్లే. భారం పెరిగితే ఆ ప్లాస్టిక్ వేడెక్కి కరుగుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా. పోనీ ఎస్‌ఎమ్‌పీఎస్ మారుద్దామన్నా, ఇలాంటి డెల్ టవర్ల మదర్‌బోర్డులో మామూలు 24 పిన్నుల కనెక్టర్ ఉండదు కాబట్టి బయట కొన్నది నేరుగా అమరదు. మదర్‌బోర్డులో కార్డు గుచ్చే స్లాటు నుంచే 75 వాట్ల వరకు వస్తుంది. ఆ హద్దులో పనిచేసే కార్డు చూసుకోవడమే మీకు క్షేమం.

జవాబు 2

పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఆ హద్దులో ఆర్‌ఎక్స్ 6400 అనే కార్డు కూడా ఉంది, 53 వాట్లే. కానీ వీడియో పనికి నేను దాన్ని సిఫారసు చేయను. అందులో హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ (ఎడిట్ అయిన వీడియోను త్వరగా ఫైలుగా మార్చే భాగం) లేదు, పైగా అది వాడేది నాలుగు లేన్లే (డేటా దారులే) కనుక స్లాటు పాత తరానిదైన (పీసీఐఈ 3.0) మీ బోర్డులో దాని బ్యాండ్‌విడ్త్ (డేటా పంపే వేగం) సగానికి పడిపోతుంది. 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డు 70 వాట్లు తీసుకుంటుంది, ఎన్‌కోడరూ ఉంది. మీ అమ్మాయి పనికి అదే తగినది. అయితే ఇదే పేరుతో 130 వాట్ల 8 జీబీ కార్డు కూడా ఉంది, దానికి విడి కేబుల్ కావాలి. కాబట్టి కొట్లో పెట్టె విప్పించి, కార్డు అంచున పవర్ సాకెట్ లేదని కళ్ళతో చూసిన తరువాతే డబ్బు ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండి. క్యాబినెట్ తెరిచి కొలిచాం. స్లాటు దగ్గరి వెనుక పట్టీ నుంచి హార్డ్ డిస్కు గూడు దాకా 21 సెంటీమీటర్లు ఉంది.

జవాబు 3 (చెన్నై)

అయితే ఒకే ఫ్యాన్ ఉన్న పొట్టి రకం అడగండి. 20 సెంటీమీటర్ల లోపు ఉన్నవి దొరుకుతాయి. మందం రెండు స్లాట్లంత ఉంటుంది, పక్క స్లాటు ఖాళీగా ఉందో లేదో చూసుకోండి. ఈ కార్డులో వీజీఏ ఉండదు కనుక హెచ్‌డీఎమ్‌ఐ నుంచి వీజీఏకు మార్చే అడాప్టర్ కావాలి. కార్డు పెట్టాక మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాక కార్డుకే గుచ్చాలి. ఇక్కడ రిచీ స్ట్రీట్‌లో కొని తీసుకెళ్ళి, కార్డు పనిచేయడం లేదని తిరిగొచ్చేవారిలో చాలామంది దగ్గర అసలు సంగతి ఇదే. ఇంకొక మాట, 8 జీబీ ర్యామ్‌తో రిజాల్వ్ నత్తనడక నడుస్తుంది. డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు 16 జీబీ చేయించి, కార్డు వచ్చే నెల కొనండి.