గుర్రాల ప్రకటనల్లో ధర ఎందుకు రాయరు?

సిద్దిపేట సవారీ:
ఆరు నెలల నుంచి మార్వాడీ గుర్రం కోసం ఎతుకుతున్న. ఏ ప్రకటన చూసినా ఎత్తు 62 అంగుళాలు, నాలుగు పళ్ల వయసు, సుడులు మంచివి అని రాస్తరు. ధర కాడికొస్తే "ఫోన్ చేయండి". చేసిన. ఒకాయన లక్షా ఎనభై వేలన్నడు. కారు కిరాయికి మాట్లాడుకొని, మా బావను తీస్కొని 300 కిలోమీటర్లు పోయిన. ఆడికి పోయినంక మూడు లక్షల పది వేలట. "ఫోన్ల చెప్పింది వేరే గుర్రానిది" అన్నడు. నా రెండు దినాల పని పాయె, కిరాయి పాయె. ధర లేని ప్రకటన ఈడ ఉంచొద్దు.

పెన్న ఒడ్డు:
తమ్ముడూ, నిన్ను ముంచింది ధర రాయకపోవడం కాదు, అబద్ధం. అట్లాంటోడు రాసినా అబద్ధమే రాస్తాడు. నేను పదకొండేళ్లుగా గుర్రాలు సాకుతున్నా. ఒక్కసారే ధర రాసినా. ఫోన్ చేసినోళ్లలో సగానికిస్తావా అని అడిగినోళ్లే ఎక్కువ. నా చేతికి ఎంతొస్తుందో ఊరంతా తెలిసింది, అప్పులోళ్లు మరుసటి రోజే గడపలో కూర్చున్నారు. దత్తజయంతికి మహారాష్ట్రలో తాపీ ఒడ్డున సారంగ్‌ఖేడా జాతరకు వేల గుర్రాలొస్తాయి. ధర రాసిపెట్టి ఎవరూ అమ్మరు. నడక, పరుగు చూపించి, నోరు తెరిచి పళ్లు చూపించినాకే బేరం. మన ఎమ్మిగనూరు సంతలో ఎద్దులకైనా అంతే కదా.

సంత దారి:
జాతరలో ఒక గుర్రం నచ్చకపోతే పక్కనే ఇంకోటి ఉంటుంది. ఫోన్ నమ్ముకుని 300 కిలోమీటర్లు పోయినవాడికి ఏముంటుంది?

డెక్కా లాడం:
ముందు పళ్ల ఫొటో పెట్టమనండి. కింది పలువరస కనిపించకుండా నాలుగు పళ్లంటే నేను నమ్మను. వయసే తేలనప్పుడు ధర రాసి ఏం లాభం?

నీలి కళ్లెం:
ఫేస్‌బుక్‌లో వ్యక్తులు జంతువులను అమ్ముకోకూడదని నియమం ఉంది. ధర రాస్తే పోస్టు తీసేస్తారని చాలామంది రాయరు. అందరినీ మోసగాళ్లనకండి.

సిద్దిపేట సవారీ:
ఇది ఫేస్‌బుక్ కాదు. ఈడ ఎవరు తీసేస్తున్నరు?

డెక్కా లాడం:
గ్లాండర్స్ పరీక్ష కాగితం కూడా అడగండి. ఆ జబ్బు మనుషులకూ సోకుతుంది. పళ్ల ఫొటో సంగతి ఎవరూ మాట్లాడరేం?

సిద్దిపేట సవారీ:
పళ్ల సంగతి తర్వాత. పెన్న ఒడ్డు అన్నా, ఆయన ఫోన్ల నన్ను మొదలు అడిగిందేందో తెలుసా? "ఏ ఊరు, ఏం పని?" హైదరాబాద్ల పని అన్న. "సాఫ్ట్‌వేరా?" అన్నడు. నేను లారీ మెకానిక్‌ను. కిరాయి కారు దిగంగనే దాని దిక్కు చూసిండు, రేటు లేపిండు. సూటిగ చెప్పు, నువ్వు గూడ మనిషిని చూసే రేటు చెప్తవ్ కదా?

పెన్న ఒడ్డు:
చెప్తా. దాచేదేముంది. ధర రాసిన ఆ ఒక్కసారి అమ్మింది మా ఇంట్లో పుట్టిన ఆడగుర్రం. మొదట వచ్చినోడు రాసిన డబ్బు రాసినట్టే లెక్కపెట్టినాడు, కాదనడానికి నాకు నోరు రాలేదు. మూడు నెలలకు కర్నూల్లో ఒక పెళ్లి ఊరేగింపులో చూసినా. డీజే పెట్టెల పక్కన నిలబెట్టినారు. నోట్లో ముళ్ల కళ్లెం, పెదవి చీలి రక్తం. ఆ కళ్లేన్ని జంతువులను హింసించకుండా పెట్టిన 1965 నిబంధనల్లోనే నిషేధించినారు, అయినా వాడుతున్నారు. పేరు పెట్టి పిలిస్తే చెవులు నా వైపు తిప్పింది. ధర రాస్తే డబ్బున్న ప్రతివాడికీ హక్కు ఇచ్చినట్టే. అందుకే ఊరేగింపులోళ్లకు రెట్టింపు చెప్తా, వాళ్లే పోతారు. పొలమున్నోడికి, సాకేవాడికి తగ్గిస్తా.

సంత దారి:
అన్నా, రెట్టింపు ఇస్తానంటే?

పెన్న ఒడ్డు:
ఇప్పటిదాకా ఎవడూ అనలేదు.

సిద్దిపేట సవారీ:
నీ గుర్రం సంగతి సదివి మనసు కలుక్కుమన్నది. కానీ నాకు రేటు చెప్పినాయన గుర్రం ఎందుకని ఒక్క మాట అడగలే. మా తాతకు గుర్రముండె, కరువుల అమ్మిండు. మా నాయిన ఇప్పటికీ యాది చేస్తడు, ఆయన కోసమే కొంటున్న. అడిగితే చెప్తుంటి. ఆయన చూసింది నా జేబు. నువ్వు గుర్రం కోసం చూస్తవ్, వాళ్లు పైసల కోసం చూస్తరు. ఫోన్ల మాకు రెండూ ఒక్కతీరే వినవడతయి. ఊరేగింపులోళ్లకు అమ్మనని ప్రకటనలనే రాయి, పక్కన ధర గూడ రాయి.

పెన్న ఒడ్డు:
ఊరేగింపులోళ్లకు అమ్మనని రాస్తా. ధర రాయను. నాయన్ను తోడుకొని రా తమ్ముడూ, ఆయన ముందర చెప్తా.