అక్క కొడుకును సాకుతుంటే ఇంట్ల సోదాలెందుకు?

గోదారొడ్డు సిరొంచ:
మా అక్క, బావ ఇద్దరూ పోయిండ్రు. పోరడు నా దగ్గరే. అనాథ పిల్లల్ని సాకేటోళ్లకు మా మహారాష్ట్ర సర్కారిచ్చే బాల్ సంగోపన్ పథకం కింద నెలకు 2,250 రూపాయలు మంజూరైనయి. మొన్న ఒకాయన తనిఖీకని వచ్చి, వంటింట్ల బియ్యం డబ్బా మూత తీసి చూసిండు. నా ముందే వాన్ని "నిన్ను కొడతదా?" అని మరాఠీల అడిగిండు. బడిల మరాఠీ చదువుతడు గని ఇంట్ల తెలుగే. బిత్తరపోయిండు. సొంత చిన్నమ్మ మీద గీ అనుమానమేంది? పైసలిస్తే ఇయ్యుండ్రి, ఇంట్లకు రాకుండ్రి.

గుణుపురం మాస్టారు:
మీ బాధ అర్థమైందమ్మా. కానీ రావొద్దంటే ఒప్పుకోను. మా ఒడిశాలో తల్లిదండ్రులు పోయిన పిల్లలకి 2021లో ఆశీర్వాద్ పథకం పెట్టారు, నెలకి 2,500. నా క్లాసులో అలాంటి పిల్లే ఒకర్తి. డబ్బు పెదనాన్న తీసుకునేవాడు. పిల్ల వేకువనే జీడితోటకి పోయి, బడికొచ్చి బెంచీ మీద నిద్రపోయేది. చుట్టమైనంత మాత్రాన నమ్మేయాలా? 2015 నాటి బాలల న్యాయ చట్టం, 44వ సెక్షను ప్రకారం ఫాస్టర్ కుటుంబాన్ని, అంటే పెంచమని పిల్లని అప్పగించిన కుటుంబాన్ని, బాలల సంక్షేమ కమిటీ నెలనెలా చూడాలి.

రాజురా బొగ్గుబాయి:
రెండు వేర్వేరు సంగతులు కలిపేస్తున్నరు. అక్క చెప్పేది రాష్ట్రం పథకం, చుట్టాల దగ్గరున్న పిల్లలకు కూడా ఇస్తరు. మాస్టారు చెప్పే సెక్షను ఫాస్టర్ కేర్‌ది, దానికి కేంద్రం పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000. సరే, ఏదైనా గానీ, జిల్లా కేంద్రం గడ్చిరోలి నుంచి సిరొంచకు 200 కిలోమీటర్ల పైనే. వాగులు పొంగితే ఆలపల్లి దారి బందు. నెలనెలా ఎవరొస్తరు సారూ?

గోదారొడ్డు సిరొంచ:
మాస్టారూ, ఆ జీడితోట పిల్ల సంగతి పట్టుకున్నది తనిఖీకొచ్చినోళ్లా, మీరా?

గుణుపురం మాస్టారు:
నేనేనమ్మా. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. కానీ పిల్లని ఆ ఇంట్లోంచి తేవడం నా వల్ల అయ్యే పనా? అధికారం ఉన్నవాళ్లు రావలసిందే. ఇప్పుడు అమ్మమ్మ దగ్గరుంది.

గోదారొడ్డు సిరొంచ:
సరే, రానియ్యుండ్రి. గని మా గల్లీ అంగన్‌వాడీ టీచరును పంపొచ్చు గద? పోరడు పుట్టినప్పటి సంది ఎరుక. తెలుగు మాట్లాడ్తది.

రాజురా బొగ్గుబాయి:
గల్లీ మనిషి నీ మీద రాస్తదా అక్కా? తెల్లారితే బోరింగు కాడ ఎదురుపడాలె.

గోదారొడ్డు సిరొంచ:
రాయదేమో. గని పోరడు ఆమెకైతే నిజం చెప్తడు. మొన్నొచ్చినాయన పోయినంక, "నేను తప్పు చెప్తే నన్ను తీస్కపోతరా చిన్నమ్మా?" అని అడిగిండు. నాలుగు రోజుల సంది బియ్యం డబ్బా మూత వాడే తీసి చూసుకుంటుండు.