వారం ముందు చెప్పిన వానకి పచ్చి చేను కోసేయాలా?

దివిసీమ రైతు (సోమవారం రాత్రి)
అందరికీ నమస్కారం. అయిదెకరాల వరి, 5204 రకం. పైన కంకులు పండాయి, అడుగున ఇంకా పచ్చిగింజ ఉంది. నా లెక్కకి శనివారం కోస్తే సరిపోద్ది. ఇవాళ వాతావరణ శాఖ వారం అంచనా చూశా. గురువారానికి ఆగ్నేయ బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడే అవకాశం, ఆదివారం నుంచి దక్షిణ కోస్తాలో ఒకటి రెండు చోట్ల వానలు అన్నారు. ఫోన్లో యాప్ అయితే ఆదివారం 38 మి.మీ., సోమవారం 61 మి.మీ. చూపిస్తోంది. కోత మిషన్ అతను బుధవారమైనా వస్తానంటున్నాడు, శనివారమైనా వస్తానంటున్నాడు. రేపు పొద్దుటికల్లా చెప్పాలి. ఆరు రోజుల ముందు మాటని నమ్మి పచ్చి చేను కోసేయడం తెలివా, తెలివితక్కువా? మొహమాటం లేకుండా చెప్పండి.

ఒకసారి మునిగినవాడు
ఆలోచించకుండా కోసెయ్ అన్నా. 2023లో మిచాంగ్ గుర్తులేదా? డిసెంబరు 1న వాయుగుండం, 3న తుఫాను, 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు వారం ముందు అదీ ఇలాగే "ఏర్పడే అవకాశం" దగ్గరే ఉంది. "చూద్దాంలే" అని కూర్చున్నా. నీళ్లలో నానిన పనల్ని ఒడ్డుకి మోసుకొచ్చి విప్పితే గింజకి తెల్లగా మొలక. ఆ వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది.

మబ్బుల పిచ్చోడు
యాప్‌లో ఆ 61 చూసి నవ్వొచ్చింది. 60 కాదు, 62 కాదు! ఒక కంప్యూటర్ మోడల్ ఒక పూట వేసిన లెక్క అది. రేపు చూస్తే 4 ఉండొచ్చు, 110 ఉండొచ్చు. ఆ అల్పపీడనం ఇంకా పుట్టనేలేదు. పుట్టేచోటు వంద కిలోమీటర్లు అటో ఇటో జరిగితే చాలు, ఆదివారం వాన చెన్నైకి పోతుందో మచిలీపట్నానికి వస్తుందో మారిపోతుంది. అందుకే వాతావరణ శాఖలో మొదటి లెక్కల్ని కాస్త కాస్త మార్చి అదే మోడల్‌ని చాలాసార్లు నడుపుతారు. అన్నీ ఒకే దారి పడితే గట్టిగా చెబుతారు, తలో దారీ పడితే "అవకాశం" అంటారు. ఆ తేడా యాప్‌లో కనపడదు.

"ఒకటి రెండు చోట్ల" కూడా ఊరికే వాడే మాట కాదు. ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకి మించకుండా పడుతుందని దాని అర్థం. "భారీ" అనాలంటే 24 గంటల్లో 64.5 మి.మీ. అయినా పడాలి. మీరు చెప్పిన బులెటిన్‌లో ఆ మాటే లేదు.

మిచాంగ్ చెప్పారు కాబట్టి లెహర్ కూడా చెప్పుకోవాలి. 2013 నవంబరులో అతి తీవ్ర తుఫాను అన్నారు, మచిలీపట్నం దగ్గర తీరం దాటేసరికి వాయుగుండమైపోయింది. చలికాలంలో ఉత్తరాది నుంచి పొడిగాలి దిగుతుంది, పై గాలులు ఒకవైపు కింది గాలులు ఒకవైపు లాగుతాయి, మన వైపుకొచ్చేకొద్దీ సముద్రం చల్లబడి ఉంటుంది. సగం తుఫాన్లకి ఇక్కడే ఊపిరి ఆడదు (సగం అన్నది మాటవరసకి, లెక్క కాదు). నా ఓటు ఆగమనే. గురువారం అల్పపీడనం పుట్టాక తేల్చుకోండి.

మిషన్ ఓనరు
గురువారం తేల్చుకుందాం అని ఊరంతా అనుకుంటుంది సార్. ఆ రోజు నాకు వంద ఫోన్లు. ఉన్నది ఒక బండి. పైగా చేను తడిస్తే టైర్ల బండి దిగదు, చైన్ బండి కావాలి, దాని గంట రేటు వేరు. మీ బులెటిన్ కరెక్టే, నా బండే ఖాళీ ఉండదు.

వలవాడు
రైతులకి రెండు రోజుల ముందు మాట చాలేమో. మేం మరపడవలో ఐసు వేసుకుని దిగితే వారం పైనే. ఒడ్డుకి రావడానికే ఒక రోజు పడుద్ది. అందుకే "అవకాశం" అన్నా చాలు, నేను దిగను. ఒక ట్రిప్పు పోతే పోనీ. దివిసీమలో 1977 నవంబరు 19 ఉప్పెన గురించి నేను చెప్పాలా?

కౌలు రైతు
మీరంతా వాన వస్తుందా రాదా అని కొట్టుకుంటున్నారు. వడ్లు ఆరేది ఎప్పుడో ఎవరూ అడగట్లేదు. పచ్చిచేను మిషన్‌తో కోస్తే తేమ 24, 25 శాతం ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో 17 దాటితే పేచీ. అంటే మూడు రోజుల ఎండ కావాలి, అదీ ఈ కాలపు ఎండ. పొద్దున తొమ్మిదింటిదాకా మంచు వదలదు, సాయంత్రం నాలుగున్నరకే బరకాలు కప్పాలి.

బుధవారం కోస్తే గురు, శుక్ర, శని ఆరుతాయి. శనివారం కోస్తే? ఆదివారం చినుకు పడేసరికి పచ్చి వడ్లు రోడ్డు మీద రాశి! అన్నిటికంటే చెడ్డరోజు శనివారమే. కోస్తే బుధవారం కోయండి, లేదా నిలబెట్టేయండి. నిలబడ్డ చేనుని చిన్నవాన ఏం చేయదు. గాలొస్తే పడిపోద్ది, అది వేరే సంగతి.

మబ్బుల పిచ్చోడు
ఇది నాకు తట్టలేదు గురూ. గురువారం దాకా ఆగమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. యాప్ అంకె మీద మాత్రం రాజీ లేదు.

ఒకసారి మునిగినవాడు
నిలబెట్టమని చెప్పడం తేలికే. పోయేది మీ చేను కాదుగా.

కౌలు రైతు
నాదీ మూడెకరాలు నిలబడే ఉంది తమ్ముడూ. కౌలు ముందే కట్టేశా.

దివిసీమ రైతు (మంగళవారం ఉదయం)
పొద్దున్నే చేలోకి పోయొచ్చా. మెరక మీద రెండెకరాల్లో గింజ పంటికింద టక్కుమంటోంది. పల్లంలో గోరు నొక్కితే ఇంకా దిగుతోంది. మెరక బుధవారం కోయిస్తున్నా, శనివారం మిషన్ వద్దని చెప్పేశా. పల్లం మూడెకరాలూ నిలబెడుతున్నా.

ఒకసారి మునిగినవాడు
తిరగేసి చేస్తున్నావన్నా. ముందు మునిగేది పల్లమే.

దివిసీమ రైతు
తెలుసు తమ్ముడూ. అది ఇప్పుడు కోస్తే సగం తాలూ, నూకలే. అందుకే గట్టు తెంపి మురుగుకాలవలోకి బోదె తీస్తున్నా. పడిపోయి తడిస్తే గింజ మొలకెత్తకుండా చల్లడానికి ఉప్పు కూడా తెచ్చిపెట్టా, లీటరు నీటికి 50 గ్రాములు. ఇక పార పట్టుకోవాలి, మధ్యాహ్నం బులెటిన్ ఎవరైనా ఇక్కడ పెట్టండి.