కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివితే ఉద్యోగావకాశాలు ఎలా ఉంటాయి?

ప్రశ్న:
నాకు విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్, కంప్యూటర్ ఇంజనీరింగ్ రెండింటిలోనూ సీటు వచ్చేలా ఉంది. రెండోదానిలో సర్క్యూట్లు, సిగ్నల్స్ ఎక్కువ, ప్రోగ్రామింగ్ పేపర్లు కొంచెం తక్కువ. కోడ్ రాసే పనిని కృత్రిమ మేధే చేసేస్తోందని అందరూ అంటున్న ఈ రోజుల్లో హార్డ్‌వేర్ వైపు వెళ్తే ఉద్యోగం పదిలంగా ఉంటుందా, లేక అవకాశాలు తక్కువై ఇరుక్కుపోతానా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఈ రంగంలో ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (చిప్ వెరిఫికేషన్ ఇంజనీరు):
హార్డ్‌వేర్ అనగానే అందరికీ చిప్ డిజైనే గుర్తుకొస్తుంది గాని, పెద్ద ప్రాజెక్టులలో డిజైన్ చేసేవారికంటే దాన్ని సరిచూసేవారే ఎక్కువమంది ఉండటం మామూలు. సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లితే మర్నాడు దిద్దుకోవచ్చు, తయారై బయటికొచ్చిన చిప్‌కు ఆ వెసులుబాటు దాదాపుగా ఉండదు. 1994లో పెంటియం ప్రాసెసర్‌లో బయటపడిన భాగహార లోపానికి మూలం ఒక పట్టికలో కొన్ని విలువలు లేకపోవడమే అయినా, ఇంటెల్ అందుకోసం 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టవలసి వచ్చింది. ఇక ప్రోగ్రామింగ్ దూరమవుతుందన్న బెంగ మీకు అక్కర్లేదు. సిస్టమ్‌వెరిలాగ్ అనే హార్డ్‌వేర్ భాషలో టెస్ట్‌బెంచ్‌లు (డిజైన్‌ను పరీక్షించే ప్రోగ్రాములు) రాయడం, ఫెయిలైన టెస్టు వేవ్‌ఫారం (సిగ్నళ్ల గ్రాఫు) తెరిచి ఏ క్లాక్ దగ్గర సిగ్నల్ దారి తప్పిందో వెనక్కి వెతుక్కుంటూ పోవడం, ఇదే మా రోజువారీ పని.

సమాధానం 2 (ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్):
పైవారు చెప్పినది నిజమే గాని, 'పదిలం' అన్న మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. చిప్ పరిశ్రమకు ఎత్తుపల్లాలు ఎక్కువ, కంపెనీలు కొద్ది నగరాలలోనే గుమిగూడి ఉంటాయి, మంచి డిజైన్ ఉద్యోగాలకు చాలాచోట్ల మాస్టర్స్ అడుగుతారు. డిగ్రీతోనే పనిలో చేరాలనుకుంటే ఎంబెడెడ్ వైపు, అంటే పరికరాల లోపలి చిన్న కంప్యూటర్లకు సాఫ్ట్‌వేర్ రాసే పని వైపు చూడండి. మా బోర్డు మీద ఒక సెన్సర్ అప్పుడప్పుడూ తప్పు రీడింగులు ఇస్తుంటే అందరం డ్రైవర్ కోడ్‌నే (సెన్సర్‌ను నడిపే ప్రోగ్రామునే) అనుమానించాం. సిగ్నల్‌ను తెరమీద చూపే ఆసిలోస్కోప్ పెట్టి చూస్తే, సెన్సర్‌ను ప్రాసెసర్‌తో కలిపే ఐ2సి లైన్ మీద పుల్-అప్ రెసిస్టర్ (లైన్‌ను పై వోల్టేజికి లాగే నిరోధకం) విలువ ఎక్కువైనందువల్ల సిగ్నల్ పైకి లేవడానికే ఆలస్యమవుతోంది. ఆ డ్రైవర్‌ను కృత్రిమ మేధ చక్కగా రాసిపెట్టగలదు, కాని ప్రోబ్ ఎక్కడ పెట్టి చూడాలో తోచాలంటే సర్క్యూట్లు చదివి ఉండాలి.

సమాధానం 3 (అధ్యాపకుడు):
కోర్సు పేరు చూసి నిర్ణయించుకోకండి, ఒకే పేరుతో ఒక్కోచోట ఒక్కోటి చెబుతారు. డిజిటల్ డిజైన్, కంప్యూటర్ ఆర్కిటెక్చర్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటా స్ట్రక్చర్స్ నాలుగూ తప్పనిసరిగా ఉన్నాయా, ఎఫ్‌పీజీఏ (మనకు కావలసిన సర్క్యూట్‌గా మార్చుకోగల చిప్) ల్యాబ్ ఉందా అన్నది ముందు చూడండి. 2000ల మధ్యకాలం నుంచి ప్రాసెసర్ల క్లాక్ వేగం పెద్దగా పెరగకపోవడంతో ఒక్కో పనికి ప్రత్యేకమైన చిప్‌లు తయారుచేసే ధోరణి బలపడింది, అందుకే ఆర్కిటెక్చర్ తెలిసినవారికి గిరాకీ ఉంది. పైగా 2010లో బర్కిలీలో మొదలైన రిస్క్-ఫైవ్ (ప్రాసెసర్ ఏ ఆదేశాలను అమలు చేయాలో చెప్పే నిర్దేశం) అందరికీ అందుబాటులో ఉన్న ప్రమాణం కనుక, లైసెన్సు గొడవ లేకుండా మీరే ఒక చిన్న ప్రాసెసర్ రాసి ఎఫ్‌పీజీఏ మీద నడిపించవచ్చు. ఇంటర్వ్యూలో మార్కుల జాబితాకంటే అది ఎక్కువసేపు మాట్లాడిస్తుంది. రేపు పూర్తిగా సాఫ్ట్‌వేర్‌కే వెళ్లినా ఈ చదువు వృథా కాదు. సీ భాషలో పెద్ద మ్యాట్రిక్స్‌ను అడ్డవరుసల వెంట చదివితే త్వరగా, నిలువు వరుసల వెంట చదివితే ఆలస్యంగా ఎందుకు పూర్తవుతుందో క్యాష్ (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) పనితీరు తెలిసినవారికి ఇట్టే అర్థమవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. సిలబస్ చూశాను. ఎఫ్‌పీజీఏ ల్యాబ్ ఉంది గాని, ఆపరేటింగ్ సిస్టమ్స్ ఐచ్ఛికంగా ఉంది.

సమాధానం 3 (అధ్యాపకుడు):
అయితే కంప్యూటర్ ఇంజనీరింగ్‌లోనే చేరండి, ఆ ఐచ్ఛికాన్ని మాత్రం వదలకండి. ఎంబెడెడ్, చిప్, క్లౌడ్ ఏ ఇంటర్వ్యూకు వెళ్లినా ఇంటరప్టులు (చేస్తున్న పని ఆపి వేరే పని చూడమని ప్రాసెసర్‌కు వచ్చే సంకేతాలు), మెమరీ గురించి అడగకుండా వదలరు.